పడేవాడికి పేరుండదా?

(సాంఘిక సంక్షేమ హాస్టల్ విద్యార్థుల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు మాకు ఇచ్చిన అంశం 'సినిమా - దళితులు'. దీని మీద ఇప్పటికే చాలామంది మాట్లాడారు. హీరో ఏ కులపోడు, విలన్ ఏ రంగులో ఉంటాడు, మన పాత్ర దొడ్డిగుమ్మం దాటి లోపలికి వచ్చిందా లేదా, ఇవన్నీ మీరు విన్నవే. అందుకని ఇవాళ మేం కథల జోలికి పోకుండా ఫైట్ల గురించి మాట్లాడదామనుకుంటున్నాం. నవ్వకండి. బడిపంతుళ్లకు ఫైట్లతో ఏం పని అంటారేమో. పెద్దయ్యాక ఏమవుతారని మా తరగతిలో పిల్లల్ని అడిగితే ఏడాదికి ఒకరిద్దరు 'ఫైటరవుతా సార్' అంటారు. వాళ్లలో ఎక్కువమంది మన వాడల పిల్లలే. అదీ మాకున్న పని.

ముందు ఒక ప్రశ్న. మీరు ఈమధ్య చూసిన సినిమాలో హీరో ఎంతమందిని కొట్టాడు? ఇరవైమందినో, ముప్పైమందినో. కొట్టినవాడి పేరు మీకు తెలుసు. వాళ్ల నాన్న పేరు, తాత పేరు, కొడుకు పేరు కూడా తెలుసు. దెబ్బలు తిన్న ముప్పైమందిలో ఒక్కడి పేరు చెప్పండి చూద్దాం. చెప్పలేరు. అది మీ తప్పు కాదు. ఆ పేర్లు తెర మీద ఎవరూ వెయ్యలేదు.

ఫైటంటే ఏంది? ఒకడు కొట్టాలి, ఒకడు పడాలి. కొట్టడం నటన. హీరో పిడికిలి ఎదుటివాడి మూతికి జానెడు దూరంలో ఆగిపోతుంది. చప్పుడు తర్వాత కలుపుతారు. పడేవాడు మాత్రం నిజంగానే పడాలి. మేడ మీంచో, గుర్రం మీంచో, తిరగబడే కారులోనో. కింద అట్టపెట్టెలూ పరుపులూ పరిస్తే పరుస్తారు, గాలి సంచి పెడితే పెడతారు. ఎన్ని పెట్టినా అడుగున ఉండేది నిజం నేలే. ఏ దేశంలోనైనా ఇంతవరకూ ఒకటే. ఆ పడే మనిషిని ఎక్కడి నుంచి తెస్తారు, సెట్టు మీద అతని మాట చెల్లుతుందా, దెబ్బ తగిలితే ఖర్చు ఎవరిది, పేరు ఎక్కడ వేస్తారు - తేడాలన్నీ ఇక్కడ మొదలవుతాయి. హాంకాంగు, హాలీవుడ్డు, మన దేశం, ఈ మూడు చోట్లా ఈ సంగతులు ఎట్లా ఉన్నాయో చూద్దాం.

హాంకాంగుతో మొదలుపెడదాం. జాకీ చాన్‌ని ఎరగనివాళ్లు ఈ హాల్లో లేరు. అతని తండ్రి వంటవాడు. బతుకుతెరువు కోసం తల్లిదండ్రులు ఆస్ట్రేలియా చేరారు. 1960ల మొదట్లో ఏడేళ్ల పిల్లవాణ్ణి యు జిమ్-యుయెన్ అనే గురువు నడిపే పెకింగ్ ఒపెరా బడికి పదేళ్లకు రాసిచ్చారు. సామో హంగ్, యుయెన్ బియావో కూడా ఆ బడి పిల్లలే. పదేళ్లకు రాసివ్వడమంటే ఏంటో మీ తాతల్ని అడిగితే చెబుతారు. మన పల్లెల్లో పిల్లల్ని ఆసామి దగ్గర జీతానికి పెట్టేవాళ్లు గదా, దాదాపు అదే. ఇక్కడ గొడ్లూ పేడా, అక్కడ పల్టీలూ కత్తులూ. బెత్తం రెండు చోట్లా ఉంది. పిల్లలు ఆడిన ఆట డబ్బులు గురువుకే పోయేవి. గురువు దెబ్బకు పిల్లవాడు చచ్చినా అడగడానికి లేదన్న షరతు ఆ పత్రంలో ఉందని చాన్ తన జీవిత కథలో చెప్పుకున్నాడు.

తర్వాత ఒపెరా చూసే జనం తగ్గిపోయారు. ఒళ్లు విల్లులా వంచగల ఆ పిల్లలు సినిమాల్లో పడేవాళ్లుగా చేరారు. 1973లో బ్రూస్ లీ 'ఎంటర్ ది డ్రాగన్'లో దెబ్బలు తిని పడిన వాళ్లలో జాకీ చాన్ ఒకడు. పేరు లేని మనిషి. అదే మనిషి 1985లో 'పోలీస్ స్టోరీ' తీసేనాటికి తనే హీరో, తనే దర్శకుడు. తనతో పడి లేచిన వాళ్లందరినీ కూడగట్టి ఒక జట్టు కట్టుకున్నాడు. సామో హంగ్‌కీ ఒక జట్టుంది. అంతకుముందు నుంచే లావ్ కార్-లియుంగ్‌ జట్టుంది. లావ్ కూడా ఫైట్ మాస్టరు నుంచి దర్శకుడైనవాడే.

దీనివల్ల సినిమా తీసే పద్ధతే మారింది. హాంకాంగులో ఫైటు మొదలైతే సెట్టు ఫైట్ మాస్టరు చేతికొస్తుంది. కెమెరా ఎక్కడ పెట్టాలి, ఏ దెబ్బ దగ్గర కట్ చెయ్యాలి, అన్నీ అతనే చెబుతాడు. నాలుగైదు దెబ్బలు ఒక కోణంలో తీసి, తర్వాత నాలుగైదు ఇంకో కోణంలో, గోడ కట్టినట్టు వరసగా కట్టుకుపోతారు. హాలీవుడ్డు అలవాటు వేరు. అక్కడ ఫైటు మొత్తం పలు కెమెరాలతో, పలు కోణాల్లో మళ్లీ మళ్లీ తీసి, ఏది ఉంచాలో తర్వాత ఎడిటింగు గదిలో తేల్చుకుంటారు. హాంకాంగు ఫైటులో దెబ్బ తినేవాడి ఒళ్లంతా తలనుంచి కాలిదాకా కనపడుతుంది. దెబ్బ ఎక్కడ తగిలింది, ఎట్లా పడ్డాడు, ఏ బల్ల విరిగింది, అంతా చూస్తాం. పడిన అనుభవం ఉన్నవాడు కెమెరా పట్టుకుంటే పడేవాణ్ణి దాచడు. ఈ విద్య ఎంత గొప్పదో హాలీవుడ్డే ఒప్పుకుంది. 1999లో 'ది మేట్రిక్స్' కోసం యుయెన్ వూ-పింగ్‌ని పిలిపించి, హీరోలకు నెలల తరబడి ఆయన దగ్గర సాధన చేయించింది.

ఇక్కడ ఆగి మన సంగతి ఒకసారి తలుచుకోండి. మన దగ్గర దొమ్మరివాళ్లు లేరా? గడ మీద బోర్లా పడుకుని గిరగిరా తిరిగిన ఆడవాళ్లు లేరా? తీగ మీద నడిచిన చంటిపిల్లలు లేరా? మన వాడల్లో కర్రసాము నేర్పిన తాతలు లేరా? ఒళ్లు తిప్పే విద్యలో వాళ్లు చైనావాళ్లకు ఏం తీసిపోయారు? చైనా గారడీ విద్య రంగస్థలమెక్కి, అక్కడి నుంచి సినిమాకెక్కింది. మన దొమ్మరి విద్య ఊరి నడివీధిలో గుడ్డపరిచి చిల్లర ఏరుకుంటూనే ఆగిపోయింది. పైగా ఆ కులం పేరునే తిట్టు చేసి పెట్టారు. విద్యని నీచం చేసి, ఆ విద్యగల మనిషిని అంటరానివాణ్ణి చేసిన దేశంలో పడేవాడు దర్శకుడు కావడం అంత తేలికా?

అట్లాగని హాంకాంగుని నెత్తిన పెట్టుకోమని మేం అనడం లేదు. 1986లో 'ఆర్మర్ ఆఫ్ గాడ్' తీస్తూ యుగోస్లావియాలో జాకీ చాన్ చెట్టు మీంచి పడి పుర్రె పగలగొట్టుకున్నాడు. అతని సినిమాల చివర్లో దెబ్బలు తగిలిన ముక్కలు వేస్తారు, జనం నవ్వుతూ చూస్తారు. నెత్తురు కూడా టిక్కెట్టులో భాగమైపోయింది. హీరో పుర్రె పగిలితే అది చరిత్ర. జట్టులో వాళ్ల మోకాళ్లు, నడుములు ఎన్ని పోయాయో ఏ చరిత్రలో రాశారు?

ఇక హాలీవుడ్డు. అక్కడ స్టంటు చేసే మనిషి నటుల సంఘంలోనే సభ్యుడు. ఆ సంఘం 1933లో పుట్టింది. రోజుకూలి ఒప్పందంలో రాసి ఉంటుంది. దాని మీద ప్రతి ప్రమాదానికీ విడిగా రేటు మాట్లాడుకోవాలి. ఒకే పడటం మూడుసార్లు తీస్తే మూడుసార్లూ ఆ డబ్బు ఇవ్వాలి. సినిమా మళ్లీ టీవీలో వేస్తే అందులోనూ వాటా వస్తుంది. చివర్లో పేర్లు వరసగా పడతాయి. నిర్మాతకు బీమా కంపెనీ అడ్డం నిలబడి ఉంటుంది. స్టారు తనే దూకుతానన్నా వాళ్లు ఒప్పుకుంటేనే దూకనివ్వాలి. ఇదంతా తెల్లవాళ్ల మంచితనం అనుకోకండి. ఒప్పందంలో ప్రతి గీత వెనకా పోరాటముంది, కొన్నింటి వెనక శవాలున్నాయి.

నల్లవాళ్ల సంగతి వినండి. నల్ల నటుడికి డూపు కావాల్సి వస్తే నల్ల మనిషిని పిలిచేవాళ్లు కాదు. తెల్లవాడి మొహానికి నల్లరంగు పూసి దూకించేవాళ్లు. దెబ్బ తినే పని కూడా నల్లవాడికి దక్కనివ్వలేదు, ఎందుకంటే దానికి కూలి బాగుంది! 1965లో 'ఐ స్పై' అనే టీవీ సీరియల్లో నల్ల నటుడు బిల్ కాస్బీకి ఇట్లాగే రంగు పూసిన తెల్లవాణ్ణి తెస్తే ఆయన కాదన్నాడు. అట్లా కాల్విన్ బ్రౌన్ అనే నల్ల మనిషికి డూపు పని దొరికింది. 1967లో లాస్ ఏంజిల్స్‌లో నల్ల స్టంట్ మనుషులు సొంత సంఘం పెట్టుకున్నారు. ఎథెన్స్ పార్కు అనే చోట తమకు తామే పడటం నేర్చుకున్నారు, స్టూడియోల మీద కొట్లాడారు. అయినా 2014లో 'గోథమ్' సీరియల్లో ఒక నల్ల నటికి డూపుగా తెల్ల స్త్రీకి రంగు పూయబోతే, బయటపడి గొడవయ్యాకే ఆపారు. ఆడవాళ్లదీ అంతే. విగ్గు పెట్టుకున్న మగవాణ్ణే దూకించేవాళ్లు.

1982 జులై గుర్తుపెట్టుకోండి. ఆ నెలలో కాలిఫోర్నియాలో 'ట్వైలైట్ జోన్' సినిమా షూటింగులో అర్ధరాత్రి దాటాక, బాంబు పేలుళ్ల మధ్య హెలికాప్టరు కూలింది. విక్ మారో అనే నటుడూ, ఇద్దరు చిన్నపిల్లలూ చచ్చిపోయారు. ఆరేళ్లు, ఏడేళ్లు. వలస వచ్చిన ఆసియా కుటుంబాల పిల్లలు. అనుమతి పత్రం లేకుండా, చట్టాన్ని తప్పించి వాళ్లను రాత్రిపూట పనిలో పెట్టారు. దర్శకుడు జాన్ లాండిస్‌తో సహా అయిదుగురి మీద కేసు నడిచింది. 1987లో అందరూ నిర్దోషులుగా బయటపడ్డారు. శిక్ష పడలేదుగానీ, సెట్టు మీద భద్రత నియమాలు మాత్రం ఆ చావుల తర్వాతే గట్టిపడ్డాయి. అప్పటికీ చావులు ఆగలేదు. 2017లో 'డెడ్‌పూల్ 2' షూటింగులో జోయ్ హారిస్ అనే నల్ల మహిళ హెల్మెట్ లేకుండా మోటారు సైకిల్ నడుపుతూ పోయింది. కెనడా అధికారులు విచారించి 2021లో కంపెనీకి సుమారు 2 లక్షల 90 వేల డాలర్ల జరిమానా వేశారు. ఆ డబ్బు ప్రాణానికి సరిపోతుందని కాదు. విచారించేవాడు ఒకడున్నాడు, జరిమానా రాసిన కాగితం ఉంది. ఆస్కారు కూడా ఇంతకాలం స్టంట్లను పక్కనే ఉంచింది. 2027లో విడుదలయ్యే సినిమాల నుంచి మాత్రమే వాటికి అవార్డు ఇస్తామని 2025లో ప్రకటించింది.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. అదే 1982 జులై నెలలో బెంగుళూరులో 'కూలీ' షూటింగులో అమితాబ్ బచ్చన్‌కి కడుపులో దెబ్బ తగిలింది. దేశమంతా పూజలు చేసింది. 1983లో సినిమా వచ్చినప్పుడు ఆ దెబ్బ తగిలిన క్షణాన బొమ్మ ఆపి, ఇదుగో ఇక్కడే తగిలిందని తెర మీద అక్షరాలు వేశారు. మేం తప్పుపట్టడం లేదు. ఆయనదీ ప్రాణమే. సినిమా పేరేమో కూలీ! అసలు సినిమా కూలీకి దెబ్బ తగిలితే బొమ్మ ఆపిన సినిమా ఒక్కటి చూపించండి.

1975 'షోలే' చూశారు గదా. బసంతి టాంగా తోలుతుంటే దొంగలు వెంటబడతారు. ఆ కష్టమైన షాట్లు చేసింది హేమమాలిని కాదు, రేష్మా పఠాన్. పేద ముస్లిం ఇంటి పిల్ల. పద్నాలుగేళ్లకే ఇంటి ఆకలి కోసం ఈ పనిలోకి వచ్చింది. ఆ షూటింగులో టాంగా తిరగబడి దెబ్బలు తగిలాయి, మానీ మానకముందే మళ్లీ పనిలోకి దిగింది. 2019లో ఆమె మీద ఒక సినిమా వచ్చేదాకా మనలో ఎందరికి ఆ పేరు తెలుసు?

మన తెలుగు సినిమా ఫైటు చూడండి. 1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు'. కొట్టేవాడి కులం సినిమా పేరులోనే ఉంది. తొడగొడితే మనుషులు గాల్లోకి లేస్తారు. హీరో చెయ్యి మాత్రం నిదానంగా, దేవుడి హారతిలా చూపిస్తారు. పడేవాళ్లను గుంపుగా, దుమ్ములో, నల్లటి ఒళ్లుతో, లుంగీలతో చూపిస్తారు. హాంకాంగులో కెమెరా పడేవాడి ఒంటిని చూసిందంటిమి. ఇక్కడ కెమెరా కొట్టేవాడి వంశాన్ని చూస్తుంది. నడుముకు తాడు కట్టి వెనక్కి లాగితే గోడకు కొట్టుకునే మనిషి ఎవరన్నది కథకు అక్కర్లేదు. కులం పనిని పంచి ఊరుకోలేదు, పనిచేసే మనుషుల్నే ఒకరి మీద ఒకర్ని మెట్లుగా పేర్చిందని బాబాసాహెబ్ 1936లోనే వివరించాడు. తెలుగు ఫైటు ఆ మెట్ల బొమ్మే.

పైకొచ్చినవాళ్లు లేరా అంటే ఉన్నారు. ఫైట్ మాస్టర్లు రామ్-లక్ష్మణ్ కవలలు ఎక్కడివాళ్లనుకున్నారు? కారంచేడువాళ్లు. ఆ ఊరి పేరు వినగానే మీకు 1985 గుర్తొస్తుంది. ఆ ఊరి నుంచే పల్టీలు నేర్చుకుని ఇద్దరన్నదమ్ములు పరిశ్రమలో పేరు తెచ్చుకున్నారు. 2017లో జాతీయ అవార్డుల్లో ఫైట్ మాస్టర్లకు మొదటిసారి చోటిచ్చి పీటర్ హెయిన్‌ని గౌరవించారు. సంతోషమే. కానీ మాస్టరు పేరు పడ్డంత మాత్రాన అతని కింద పడే ముప్పైమందికీ పేరొచ్చినట్టు కాదు.

వాళ్ల పేర్లు మనకు ఎప్పుడు తెలుస్తాయి? చచ్చిపోయినప్పుడు. 2016 నవంబరు 7న బెంగుళూరు దగ్గర తిప్పగొండనహళ్లి జలాశయంలో 'మాస్తి గుడి' అనే కన్నడ సినిమాకి హెలికాప్టరు నుంచి ముగ్గురు దూకారు. హీరో ఒడ్డు చేరాడు. విలన్ వేషాల అనిల్, ఉదయ్ లైఫ్ జాకెట్లు లేకుండా దూకి మునిగిపోయారు. 2021లో ఇంకో కన్నడ సినిమాలో ఒక స్టంట్ కుర్రాడు కరెంటు తగిలి పోయాడు. 2022 డిసెంబరులో మద్రాసు పక్కన 'విడుదలై' సెట్టులో తాడు తెగి సురేశ్ పోయాడు. 2024 జులైలో 'సర్దార్ 2' సెట్టులో ఇరవై అడుగుల ఎత్తు నుంచి పడి ఏళుమలై పోయాడు. 2025 జులై 13న నాగపట్నం జిల్లాలో 'వేట్టువం' షూటింగులో, గాల్లోకి ఎగిరిన కారు తిరగబడి ఎస్.ఎం. రాజు పోయాడు.

మేం ఈ ప్రసంగానికి ఒప్పుకుంది ఈ చివరి పేరు కోసమే. 'వేట్టువం' దర్శకుడు పా. రంజిత్. మనవాడు. 'కాలా' తీసినవాడు. 2021లో 'సార్పట్ట' తీసి, దెబ్బ తినే ప్రతి బాక్సరుకీ ఒక పేరూ, ఒక పేటా, ఒక నడకా ఇచ్చినవాడు. ఓడిపోయే డాన్సింగ్ రోజ్‌ని కూడా జనం మరిచిపోలేదు. 'విడుదలై' తీసిన వెట్రిమారన్ ఎవరు? 'అసురన్' తీసినాయన. ఈ సినిమాలకు మనం చప్పట్లు కొట్టాం, గోడల మీద పోస్టర్లు వేశాం, ఇక ముందు కూడా వేస్తాం.

రాజు చనిపోయాక పోలీసులు రంజిత్‌తో సహా కొందరి మీద కేసు పెట్టారు. అన్ని జాగ్రత్తలూ తీసుకున్నామని, ఈ చావు తమను కుంగదీసిందని రంజిత్ ప్రకటన చేశాడు. ఎవరి తప్పు ఎంతో చట్టం తేల్చాలి. మేం తీర్పు చెప్పడానికి రాలేదు. అయితే ఆ వారంలో మన మిత్రులు కొందరు ఒక మాటన్నారు: 'అగ్రకులాల హీరోల సెట్ల మీద చచ్చినప్పుడు నోరెత్తనివాళ్లు ఇప్పుడు రంజిత్ మీద పడుతున్నారు, కాబట్టి మనం ఊరుకోవాలి'. మొదటి సగం నిజం. రెండో సగం ఒప్పుకోం. ఆసామి సెట్టు మీద కూలీ చస్తే ప్రశ్న, మనోడి సెట్టు మీద చస్తే మౌనం - ఇదేం న్యాయం? మనవాడు కాబట్టే ముందు మనం అడగాలి. పరిశ్రమ పాత పద్ధతుల్నే వాడుకుంటూ కొత్త కథలు చెబితే కూలి మనిషికి ఒరిగేదేంటి? రంజిత్ లాంటివాడు రేపటి సెట్టు మీద కొత్త కట్టుబాటు పెడితే మిగతావాళ్లు తప్పించుకోలేరు. ఆ పని చెయ్యమని ఆయన్ని అడిగే హక్కు మనకుంది. ఆయన మన మాట వింటాడన్న నమ్మకమూ ఉంది.

కొందరు 'ప్రమాదమని తెలిసే వస్తారుగదా' అంటారు. మురుగు గుంతలోకి దిగే మనిషి గురించి కూడా ఇదే మాటన్నారు. తెలిసి దిగడానికీ, గతిలేక దిగడానికీ తేడా తెలియనట్టు మాట్లాడేవాళ్లతో ఏం చెప్పాలి?

మా బడిలో పదో తరగతి చదివి హైదరాబాదు వెళ్లిన కుర్రాడొకడు రోప్ షాట్‌లో భుజం విరిగి ఇంటికొచ్చాడు. మొదటిరోజు ఆస్పత్రి బిల్లు కట్టి, బస్సు చార్జీలు చేతిలో పెట్టి పంపారు. ఆ తర్వాత ఫోనెత్తలేదు. ఏదన్నా కాగితం ఉందా అని అడిగాం. 'కాగితమేంది సార్, మేస్త్రి పిలిస్తే పోయాం' అన్నాడు. ఆ సెట్టు మీద తను పనిచేసినట్టు చెప్పడానికి వాడి దగ్గర ఉన్న సాక్ష్యం విరిగిన భుజమే.

కాగితం సంగతి కొత్తది కాదు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసింది బాబాసాహెబే. ఫ్యాక్టరీ కూలీకి వారానికి 48 గంటల పని అన్న చట్టం 1946లో వచ్చింది. సినిమా కార్మికులకు రాతపూర్వక ఒప్పందం ఉండాలని 1981లోనే చట్టం చేశారు. ఎంతమందికి ఇచ్చారు? 2025 నవంబరు 21న కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి తెస్తూ, స్టంట్ మనుషులకూ నియామక పత్రం తప్పనిసరి అని కేంద్రం ప్రకటించింది. ఆ కోడ్‌లలో కార్మికుడి మెడకు చుట్టుకునేవి చాలా ఉన్నాయి, వాటితో కొట్లాట వేరే. కానీ ప్రభుత్వం నోటితో అన్న ఈ ఒక్క మాటని పట్టుకుని కాగితం అడగొచ్చు. బొంబాయిలో నటుడు అక్షయ్ కుమార్ 2017 నుంచి స్టంట్ మనుషులకు బీమా ఏర్పాటు చేశాడు. మంచి పనే. అయితే ఒకాయన దయగా ఇచ్చేది రేపు ఆయన మానేస్తే ఆగిపోతుంది. హక్కయితే ఆగదు. 2025 ఆగస్టులో తెలుగు సినిమా కార్మికులు 18 రోజులు సమ్మె చేసి, 30 శాతం అడిగితే, రోజుకు 2 వేల లోపు కూలివాళ్లకు మూడేళ్లలో కలిపి 22.5 శాతం పెంచారు. సంఘంగా నిలబడితే ఎంతో కొంత కదులుతుందని చెప్పడానికి అది చాలు.

మేం అడిగేవి నాలుగే. పనిలోకి దిగేముందు ప్రతి ఫైటరుకీ కాగితం ఇవ్వాలి. ప్రతి సినిమాకీ ఆ సెట్టు మీది వాళ్లందరికీ నిర్మాతే బీమా కట్టాలి. వద్దు అని షూటింగు ఆపగల అధికారమున్న భద్రతా మనిషి సెట్టు మీద ఉండాలి, అతని జీతం ఫైట్ మాస్టరు చేతిలోనూ దర్శకుడి చేతిలోనూ ఉండకూడదు. పడినవాళ్లందరి పేర్లూ తెర మీద వెయ్యాలి.

మీకు మేం ఒక పని అప్పజెబుతున్నాం. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు మీ ఊరి నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి మద్రాసుకో హైదరాబాదుకో ఫైటర్లుగా వెళ్లినవాళ్లెవరో కనుక్కోండి. వెనక్కొచ్చి మంచంలో ఉన్నవాళ్లుంటే వాళ్లనూ కలవండి. వాళ్లు ఒప్పుకుంటేనే పేరు, ఊరు, ఏ ఏడు, ఏ సినిమా, దెబ్బ ఎక్కడ, ఎవరు ఎంత ఇచ్చారు - తెల్లకాగితం మీద రాసి పత్రికకు పంపండి. చిన్నదైనా పర్లేదు, అక్షరదోషాలుంటే మేం దిద్దుతాం. ఆ జాబితా పట్టుకుని యూనియన్ దగ్గరికీ, కార్మిక శాఖ దగ్గరికీ పోదాం. రంజిత్‌కీ ఒక ప్రతి పంపుదాం.

జై భీమ్.